చెరిపి రాసుకునే బోర్డు

ఫ్లెక్సీ చవక కాబట్టే బోర్డులు రాసే పెయింటర్ల పని పోయిందని నిజామాబాద్ జిల్లా బోధన్, వర్ని, చందూర్ వైపు ఎవరినడిగినా చెబుతారు. అది సగం నిజం. రంగుతో రాసిన బోర్డు చెరిపి మళ్లీ రాసుకోవడానికి చేసిన వస్తువు. ఫ్లెక్సీ వాడి తీసి పారేయడానికి చేసినది. ధర కన్నా ఈ తేడాయే పెద్దది. ఈ ప్రాంతంలో పేర్లు ఎన్నిసార్లు మారాయో లెక్కవేస్తే ఆ సంగతి తెలుస్తుంది. ఇందూరు నిజామాబాద్ అయింది. 1931 నాటికి నిజాంసాగర్ పూర్తయి, 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడ్డాక కాలువల వెంట కోస్తా రైతుల క్యాంపులు వెలిశాయి, వాటితో పాటే కొత్త దుకాణాలూ వచ్చాయి. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం పాలన 1948 సెప్టెంబరుతో ముగిసింది. 1956లో రాష్ట్రం పేరు మారింది, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, 2014లో రాష్ట్రం పేరు మళ్లీ మారింది. ఆ తర్వాత చందూర్ కూడా వర్ని నుంచి విడిపోయి సొంత మండలమైంది. ఫ్యాక్టరీ పేరే నిజాం షుగర్స్ అయి, 2002 ప్రైవేటీకరణతో నిజాం దక్కన్ షుగర్స్ అయింది. ఇన్ని మార్పుల్లోనూ బోర్డు మీద మారాల్సింది చాలాసార్లు ఒక్క వరుసే.

ఆ ఒక్క వరుసను మార్చుకోవాలంటే అడుగు గట్టిగా ఉండాలి. పెయింటర్ పనితనమంతా అక్షరంలోనే ఉందనుకోవడం మన పొరపాటు. జింకు పూత పూసిన కొత్త జీఐ రేకు నున్నగా ఉంటుంది, దాని మీద నేరుగా ఎనామిల్ వేస్తే కొన్నాళ్లకు పొరలుగా లేచిపోతుంది. అందుకే రేకును గరుకు కాగితంతో రుద్ది, జిడ్డు తుడిచి, ప్రైమర్ పట్టించి, అది ఆరాక రెండు పూతలు వేసేవారు. ఎనామిల్ గాలి తగిలి గట్టిపడే రంగు కాబట్టి పూతకూ పూతకూ మధ్య సుమారు ఒక రోజు ఆగాలి. ఆ తర్వాతే సుద్ద రాసిన దారం లాగి గీతలు కొట్టడం, చేయి వణకకుండా కర్ర ఆనించుకుని కుంచె తిప్పడం. పై అక్షరం పాడైతే దాన్ని రుద్దేసి అదే అడుగు మీద మళ్లీ రాసేవారు. గోడ రాతకు మరో చిక్కు ఉంది. పచ్చి సున్నం నూనె రంగును తినేస్తుంది; గోడ పూర్తిగా ఆరకముందే రాస్తే అక్షరాలు మెత్తబడి ఊడిపోతాయి. జాజు లాంటి ఖనిజపు రంగులూ, మసీ మాత్రం ఎండకు ఏళ్ల తరబడి నిలుస్తాయి. బిగింపులోనూ నేల తెలిసినవాడే నెగ్గాడు. ఇక్కడి నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు నెర్రెలు విచ్చుతుంది. రోడ్డు పక్క గుంజను లోతుగా తవ్వి, చుట్టూ మొరం దిమ్మిస చేయకపోతే రెండు వానాకాలాలకే ఒరిగిపోతుంది.

ఇనుప రేకు మీద గాజు పొడిని సుమారు 800 డిగ్రీల వేడిలో కరిగించి అతికించిన పింగాణీ పలకలు అంతకన్నా ఎక్కువ కాలం మన్నలేదా అని ఎవరైనా అడగవచ్చు. మన్నాయి. టీ కంపెనీలూ రైల్వేలూ వాటిని వాడుకున్నాయి. కానీ అవి దూరపు కార్ఖానాల్లో తయారై వచ్చేవి, వాటి మీద అక్షరం మార్చడానికి వీల్లేదు. మారని బ్రాండ్ పేరుకు అవి సరిపోతాయి. కొడుకు పేరు చేర్చి అండ్ సన్స్ అని రాయించుకునే కిరాణా దుకాణానికి సరిపోవు.

ఫ్లెక్సీ పక్షాన చెప్పాల్సిన మాటలు ఉన్నాయి, అవి గట్టివే. గంటల్లో చేతికొస్తుంది, ఫొటో పడుతుంది, పెళ్లికీ జాతరకూ అంతకన్నా అనువైనది లేదు. పాత రంగులు కూడా పవిత్రమైనవేమీ కావు: పసుపు, నారింజ ఎనామిళ్లలో సీసపు క్రోమేటు ఉండేది. మన దేశంలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు పరిమితం చేసిన నిబంధన అమలైంది 2017 నవంబరు నుంచే. పాత బోర్డును పొడిగా గీకితే రేగే దుమ్ము మంచిది కాదు. ఇవన్నీ ఒప్పుకున్నాక కూడా శాశ్వతమైన పేరుకు ఫ్లెక్సీ ఎందుకన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. పాలిస్టరు అల్లిక మీద పీవీసీ పూసిన గుడ్డ అది. రెండూ విడదీయడం కష్టం, కాబట్టి తిరిగి వాడుకోవడమూ కష్టమే. ఎండకు ఎరుపు, పసుపు ముందు వెలిసి ముఖాలన్నీ నీలంగా మిగులుతాయి. ఒక్క అక్షరం తప్పు పడితే మొత్తం గుడ్డ మళ్లీ అచ్చు వేయాలి. పాత ఫ్లెక్సీలు పూరిళ్ల మీదా కల్లాల్లో వడ్ల కుప్పల మీదా కనిపిస్తాయి నిజమే, కానీ అది రైతు తెలివే తప్ప ఆ వస్తువు గొప్పతనం కాదు.

కొత్తగా బోర్డు పెట్టించే పంచాయతీలకూ, మండల కార్యాలయాలకూ, దుకాణదారులకూ ఒక విన్నపం: వారం రోజుల వేడుకకు ఫ్లెక్సీ వేయించుకోండి. ఊరి పేరుకూ దుకాణం పేరుకూ మాత్రం రేకు, ప్రైమర్, సీసం లేని ఎనామిల్ అడిగి, రాసే చేతికి పూతలు ఆరేంత గడువు ఇవ్వండి.