మధ్యాహ్నం, 22వ శతాబ్దం

'మధ్యాహ్నం, 22వ శతాబ్దం' సోవియట్ రచయితలైన అర్కాదీ స్త్రుగాత్‌స్కీ (1925–1991), బోరిస్ స్త్రుగాత్‌స్కీ (1933–2012) సోదరులు రష్యన్ భాషలో రచించిన వైజ్ఞానిక కల్పనా గ్రంథం. దీనిని నవలగా పేర్కొనడం వాడుక అయినప్పటికీ నిజానికి ఇది కథామాలిక. దేని కథ దానికి పూర్తవుతుంది. పాత్రలు మాత్రం ఒక కథ నుండి మరొక కథలోకి వస్తూ పోతూ ఉంటాయి. పేదరికం, యుద్ధం అంతరించిన సమాజంలో మనుషులు రోజులు ఎలా గడుపుతారన్నది ఇందలి ప్రధాన విషయం.

రచన, ప్రచురణ

ఇందులోని కొన్ని భాగాలు 1961లో 'ఉరాల్' పత్రికలో వెలువడ్డాయి. 1962లో 'పునరాగమనం' అనే అర్థం గల పేరుతో పుస్తకంగా వచ్చింది. మార్పులు, చేర్పులతో కూడిన 1967 నాటి ప్రతి ఎక్కువగా ప్రచారంలో ఉన్నది. ఆంగ్లానువాదం 1978లో వెలువడింది.

రచయితలలో అర్కాదీ జపనీస్ భాషా నిపుణుడు, బోరిస్ ఖగోళ శాస్త్రజ్ఞుడు. ఇవాన్ యెఫ్రెమోవ్ 1957లో ప్రచురించిన 'ఆండ్రోమెడా నీహారిక' వీరిని ప్రభావితం చేసింది. అయితే యెఫ్రెమోవ్ పాత్రలు శిలావిగ్రహాల వలె గంభీరంగా ఉండగా, వీరి పాత్రలు హాస్యమాడతాయి, అలుగుతాయి, పొరపాట్లు చేస్తాయి. అణుయుద్ధానంతర ప్రపంచాన్ని చిత్రించిన అమెరికన్ రచయిత్రి ఆండ్రీ నార్టన్ నవల ఒకటి 'అరుణోదయం' అనే అర్థం వచ్చే పేరుతో కూడా ప్రచురితమైంది. దానికి ప్రతిగానే 'మధ్యాహ్నం' అనే పేరు ఎంచుకున్నారు.

కథలు

మొదటి కథలో ఇద్దరు వైద్యులు అంగారక గ్రహంపై రాత్రివేళ ప్రమాదకరమైన ఎడారిలో కాలినడకన ఒక ప్రసవానికి బయలుదేరతారు. ఆ గ్రహంపై పుట్టిన ఆ తొలి శిశువే యెవ్‌గేనీ స్లావిన్. పెద్దవాడై 'తైమీర్' అనే నౌకలో నక్షత్రయానానికి వెళ్లి, సెర్గేయ్ కోంద్రాత్యెవ్‌తో కలిసి భూమికి తిరిగివచ్చేసరికి ఇక్కడ శతాబ్దానికి పైగా గడిచిపోయి ఉంటుంది. పత్రికా రచయితగా మారిన స్లావిన్ కొత్త లోకంలో సులభంగానే ఇముడుతాడు. కోంద్రాత్యెవ్ పరిస్థితి వేరు. అందరూ అతనిని ఆదరిస్తారు, కానీ అతని విద్యతో ఎవరికీ అవసరం లేదు. కొరత ఏదీ లేని సమాజంలో మనిషికి మిగిలే బాధ అక్కరకు రాకపోవడమేనన్న సంగతి ఈ పాత్ర ద్వారానే తెలుస్తుంది. చివరకు గొర్బోవ్‌స్కీ అనే వ్యోమగామి చొరవతో అతడు సముద్రంలో తిమింగలాల మందలను కాచే పనిలో చేరతాడు.

వాటంతట అవే కదిలే రహదారుల వర్ణన పుస్తకానికి ప్రత్యేక శోభ. వంటయంత్రానికి, బట్టలుతికే యంత్రానికి జరిగిన తారుమారుపై ఒక హాస్యకథ నడుస్తుంది. మరొక కథలో అన్యూదిన్ పాఠశాలకు చెందిన నలుగురు బాలురు శుక్రగ్రహానికి పారిపోవాలని రహస్యంగా సన్నాహాలు చేస్తారు. గురువు వారిని దండించకుండా, చిన్నబుచ్చకుండా ఎలా ఆపాడన్నదే ఇతివృత్తం. మరణశయ్యపై ఉన్న శాస్త్రవేత్త మెదడును యంత్రంలో భద్రపరచే ప్రయత్నం గురించిన కథ సంపుటిలో అత్యంత విషాదకరమైనది. ఆ నలుగురు బాలురలో ఒకడైన పోల్ గ్నేదిఖ్ వేటగాడవుతాడు. పరాయి గ్రహంపై తాను చంపినది మృగం కాదని, బుద్ధిజీవి అని అతనికి తరువాత బోధపడుతుంది. మధ్యాహ్నపు వెలుగులోనూ నీడ తప్పదని చూపిన కథ ఇది.

విమర్శ, అనంతర రచనలు

ఇందులో దుష్టపాత్రలు దాదాపు లేవు. సంఘర్షణ మంచికి, మరింత మంచికి మధ్యనే జరుగుతుంది. తాము బ్రతకాలని, పని చేయాలని కోరుకునే లోకాన్నే చిత్రించామని రచయితలు తరువాత చెప్పుకున్నారు. ఆ లోకాన్ని ఎవరు పాలిస్తారు, నిర్ణయాలు ఎలా జరుగుతాయి అన్న ప్రశ్నలకు ఇందులో సమాధానం స్వల్పం. స్త్రీ పాత్రలకు దక్కిన చోటు కూడా తక్కువే.

'దేవుడిగా ఉండటం కష్టం' (1964) మొదలైన పలు నవలలు ఈ ప్రపంచంలోనే జరుగుతాయి. అందువలన వీటన్నిటినీ కలిపి 'మధ్యాహ్న ప్రపంచం' అని వ్యవహరిస్తారు. 1979–80లో వచ్చిన 'చీమలపుట్టలో పురుగు' నవలలో, ఈ ఆదర్శ సమాజపు భద్రతాధికారియే కేవలం అనుమానంతో లెవ్ అబాల్కిన్ అనే వ్యక్తిని కాల్చి చంపుతాడు.