సత్యం–మేటాస్ ఉదంతం

కార్పొరేట్ ఆర్థిక నిర్ణయాలను కేస్ స్టడీలతో నేర్పడానికి ఇంతకంటే పదునైన హైదరాబాద్ ఉదాహరణ దొరకదు. బహదూర్‌పల్లిలో ప్రాంగణమున్న సత్యం కంప్యూటర్స్, 2008 డిసెంబర్ 16న మేటాస్ ప్రాపర్టీస్ మొత్తాన్నీ, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్నీ 160 కోట్ల డాలర్లకు కొనాలని తీర్మానించింది. రెండూ ఛైర్మన్ రామలింగరాజు కుటుంబం స్థాపించినవే. మదుపరులు భగ్గుమనడంతో గంటల్లోనే వెనక్కి తగ్గింది. ధర సబబేనా అన్నది ఇక్కడ చిన్న ప్రశ్న. సాఫ్ట్‌వేర్ సంస్థకు భూముల వ్యాపారమెందుకు, స్వతంత్ర డైరెక్టర్లు ఎవరి పక్షాన నిలవాలి అన్నవే పెద్దవి. అసలు గుట్టు 2009 జనవరి 7న రాజు రాసిన లేఖలో బయటపడింది: పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవు, ఆ లోటును నిజమైన ఆస్తులతో పూడ్చే చివరి ప్రయత్నమే ఈ కొనుగోలు. అదే ఏడాది ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయల చొప్పున వేలంలో సత్యాన్ని గెలుచుకుంది.