కొండ దిగే సరుకు, కొండెక్కని తుపాకి: ఆంధ్ర–ఒడిశా సరిహద్దులో గంజాయి, ఆయుధాలు, హింస

మాచ్‌ఖండ్, సీలేరు నదుల వెంట సాగే ఆంధ్ర–ఒడిశా సరిహద్దు దక్షిణాదిలో గంజాయి రవాణాకు పుట్టినిల్లు. చింతపల్లి, గూడెంకొత్తవీధి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు మండలాల లోతట్టు గ్రామాల్లోనూ, ఆవలి ఒడ్డున మల్కనగిరి, కోరాపుట్ జిల్లాల కొండల్లోనూ పండిన సరుకు నర్సీపట్నం, చోడవరం, అరకు దారుల్లో మైదానానికి దిగి, అనకాపల్లి, విశాఖపట్నంల దగ్గర జాతీయ రహదారిని, రైలుమార్గాన్ని అందుకుంటుంది. ఇవే కొండల్లో నాలుగు దశాబ్దాలకు పైగా సాయుధ పోరాటం, ఎదురుకాల్పులు, మందుపాతరలు, హత్యలు నడిచాయి. మత్తు సరుకు, తుపాకి, సరిహద్దు మూడూ ఒకేచోట కనిపిస్తున్నాయి కాబట్టి మెక్సికో గుర్తుకు రావడం సహజమే. అయితే తుపాకులు ఎక్కడివి, ఎవరి చేతికి ఎలా వచ్చాయి అని విడివిడిగా లెక్క తీస్తే ఈ పోలిక ఎక్కువ దూరం రాదు. ఇక్కడ గంజాయి ఒక దారిన దిగింది, తుపాకి వేరే దారిన వచ్చింది. ఈ తేడాను గుర్తించకపోతే ఏజెన్సీలో జరిగిన హింస అర్థం కాదు.

మెక్సికోలో పౌరులకు చట్టబద్ధంగా తుపాకి అమ్మే దుకాణాలు దేశం మొత్తంమీద రెండే. రెండింటినీ సైన్యమే నడుపుతుంది. సుమారు 3,145 కిలోమీటర్ల సరిహద్దు దాటితే అమెరికా వైపు టెక్సస్, అరిజోనా రాష్ట్రాల్లో లైసెన్సు ఉన్న తుపాకి దుకాణాలు వేలల్లో ఉన్నాయి. నేరచరిత్ర లేని మనిషిని ముందుపెట్టి, అతని పేరున తుపాకులు కొనిపించి, పదో పరకో కార్ల డిక్కీల్లో దాటించడం అక్కడి పద్ధతి. మాదకద్రవ్యం ఉత్తరానికి, తుపాకి, డబ్బు దక్షిణానికి. మెక్సికోలో స్వాధీనమై ఆచూకీ పరీక్షకు వెళ్లిన ఆయుధాల్లో దాదాపు 70 శాతం అమెరికావేనని అక్కడి ప్రభుత్వ లెక్కల పరిశీలన సంస్థే చెప్పింది. 2009లో అరిజోనా కేంద్రంగా అమెరికా ఆయుధ నియంత్రణ సంస్థ ‘ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్’ పేరుతో ఒక ఆపరేషన్ చేపట్టింది. పెద్ద ముఠాలను పట్టుకోవాలన్న ఆశతో, అనుమానితులు కొంటున్న సుమారు 2,000 తుపాకులను చూస్తూ చూస్తూ వదిలేసింది. వాటిలో రెండు 2010 డిసెంబరులో సరిహద్దు గస్తీ అధికారి బ్రయన్ టెర్రీ హత్య జరిగిన చోట దొరికాయి. తుపాకి తయారీ కంపెనీలపై మెక్సికో ప్రభుత్వం 2021లో వేసిన దావాను 2025 జూన్ 5న అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది. అక్కడి వ్యవహారమంతటికీ మూలం ఒకటే: గోడకు అవతల బహిరంగంగా తెరిచి ఉన్న ఆయుధాల అంగడి.

ఆంధ్ర–ఒడిశా సరిహద్దుకు ఏ వైపునా అలాంటి అంగడి లేదు. గీతకు ఇరువైపులా ఒకే ఆయుధ చట్టం, 1959 నాటిది, అమల్లో ఉంది. మల్కనగిరిలో దొరకని లైసెన్సు పాడేరులోనూ దొరకదు. గంజాయి కట్టిన లారీ తిరుగు ప్రయాణంలో తుపాకులు నింపుకు రావడానికి చివరి మజిలీలో కొట్టు ఉండాలి కదా. గంజాయి వెళ్లే హైదరాబాదు, చెన్నై, బెంగళూరు, ముంబయి నగరాల్లో అలాంటి కొట్టు లేదు. ఉత్తరాదిలో, ముఖ్యంగా బిహార్‌లోని ముంగేర్ చుట్టుపక్కల, దొంగచాటుగా తయారయ్యే తపంచాలు రైళ్లలో దక్షిణాదికి వస్తాయి, అప్పుడప్పుడు పట్టుబడతాయి. అవి ఒకటీ అరా చొప్పున వచ్చే సరుకే తప్ప ప్రవాహం కాదు.

మరి కొండల్లో పేలిన తుపాకులు ఎక్కడివి? ఇక్కడ చరిత్రలో వందేళ్లు వెనక్కి పోవాలి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్లపై అల్లూరి సీతారామరాజు దళం వరుసగా దాడి చేసి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు పట్టుకెళ్లింది. తీసుకెళ్లిన ఆయుధాల జాబితాను స్టేషన్ పుస్తకంలో రాసి రాజు సంతకం పెట్టారని ప్రసిద్ధి. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 24న, దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులు ఆ దళం తూటాలకు నేలకొరిగారు. 1878 ఆయుధ చట్టం సామాన్యుడి చేతి నుంచి తుపాకిని తప్పించిన కాలమది. కొండవాళ్లకు తుపాకి కావాలంటే అది దొరికే చోటు సర్కారు కొట్టు ఒక్కటే. మూడు స్టేషన్లను మూడు రోజుల్లో ఎంచుకోవడానికి ఇదే కారణం.

ఎనభై ఏళ్ల తర్వాత మావోయిస్టులు పట్టిన దారీ అదే, కాకపోతే చాలా పెద్ద ఎత్తున. 2004 ఫిబ్రవరి 6 రాత్రి కోరాపుట్ పట్టణంలోని జిల్లా ఆయుధాగారంపై వందలాది మంది దాడి చేసి వందల సంఖ్యలో తుపాకులు ఎత్తుకెళ్లారు. 2006 మార్చిలో గజపతి జిల్లా ఆర్.ఉదయగిరిలో, 2008 ఫిబ్రవరి 15న నయాగఢ్‌లో అదే జరిగింది. నయాగఢ్‌లో పోయిన ఆయుధాలు వెయ్యికి పైమాటే. వాటిలో చాలా భాగాన్ని తర్వాతి గాలింపుల్లో పోలీసులు తిరిగి రాబట్టుకున్నారు. ఎదురుకాల్పుల్లో చనిపోయిన జవాను చేతి ఆయుధమూ ఈ ఖాతాలోకే చేరుతుంది. 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో లాంచీపై జరిగిన దాడిలో 38 మంది మరణించారు. వారిలో అత్యధికులు ఆంధ్ర పోలీసుల ప్రత్యేక బలగమైన గ్రేహౌండ్స్ వారు. పోలీసు బలగాలకు కొన్న ఆధునిక ఆయుధంలో కొంత భాగం ఈ విధంగానే అడవి దారి పట్టింది. 2019లో ఆయుధ చట్టాన్ని సవరించినప్పుడు, పోలీసుల నుంచో సైన్యం నుంచో బలవంతంగా తుపాకి లాక్కోవడాన్ని ప్రత్యేక నేరంగా చేర్చి పదేళ్ల నుంచి యావజ్జీవం వరకు శిక్ష పెట్టారు. ఆ సవరణలోనే అక్రమ ఆయుధ వ్యాపారానికీ అంతే శిక్ష ఉంది. చట్టం దృష్టిలో రెండూ సమానమే గానీ, ఈ సరిహద్దు అనుభవంలో మొదటిదాని బరువే ఎక్కువ.

దోపిడీతో సరిపోనప్పుడు తయారీ. 2006 సెప్టెంబరులో అప్పటి మహబూబ్‌నగర్, ప్రకాశం జిల్లాల్లో వందలాది ఖాళీ రాకెట్ గుళ్లు, వాటిని ప్రయోగించే గొట్టాలు బయటపడ్డాయి. కూపీ లాగితే తేలింది చెన్నై శివారు అంబత్తూరు. అక్కడి చిన్న వర్క్‌షాపుల్లో, ఏదో యంత్రం విడిభాగాలన్న పేరుతో ముక్కలు ముక్కలుగా చేయించి, మామూలు లారీ సర్వీసులో బుక్ చేసి పంపారు. తెలుగు నేల మీద ఆయుధాల అక్రమ రవాణా అన్న మాటకు సరిగ్గా అతికే ఉదంతం ఏదైనా ఉంటే అది ఇదే. దాని వెనుక ఉన్నది లాభం కోసం అమ్మే వ్యాపారి కాదు, తన అవసరానికి తానే తయారు చేయించుకున్న పార్టీ.

కొండల్లో ఉన్న మూడో రకం తుపాకికి ఈ రెండింటితోనూ సంబంధం లేదు. అది నాటు తుపాకి. మనిషి భుజం దాకా వచ్చే ఇనుప గొట్టం, అడవి కర్రతో చెక్కిన మడమ, తోలు సంచిలో మందుగుండు. గొట్టం మూతి నుంచి మందు పోసి, కూరి, గుళ్లు వేసి, మళ్లీ కూరాలి; ఒక్కసారి పేల్చాక మరో గుండుకు సిద్ధం కావడానికి చాలాసేపు పడుతుంది. వానలో తడిస్తే పేలదు. చేనుమీద పడే అడవిపందిని అదిలించడానికి, చైత్రమాసపు ఇటుకల పండుగ వేటకు విల్లంబులతో పాటు ఇదీ వెంట వెళ్లేది. దీనికి లైసెన్సు ఉండదు, ఉన్నా అడవిలో వేటను వన్యప్రాణి చట్టం ఒప్పదు. పోలీసులు గ్రామ పెద్దలతో మాట్లాడి వీటిని స్వచ్ఛందంగా అప్పగించమని కోరడం, స్టేషన్ ముందు వరుసగా పేర్చిన గొట్టాల ఫొటోలు పత్రికల్లో రావడం ఏజెన్సీలో పరిపాటి. ఈ తుపాకుల వల్ల ప్రమాదం లేదని కాదు. వేటలో పొదచాటు మనిషిని జంతువనుకుని కాల్చిన విషాదాలున్నాయి, పాత పగలకు వాడిన సందర్భాలూ ఉన్నాయి. అయినా చేను కాపలాకు దాచుకున్న గొట్టాన్నీ, ఆయుధాగారం నుంచి ఎత్తుకొచ్చిన రైఫిల్‌నీ ఒకే పట్టికలో ‘అక్రమ ఆయుధాలు’గా కలిపి లెక్కేయడం గిరిజనుడికి చేసే అన్యాయం, పరిశోధకుడినీ అది తప్పుదారి పట్టిస్తుంది.

ఇక గంజాయి వైపు. 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక చట్టం ప్రకారం 20 కిలోలు దాటితే అది వాణిజ్య పరిమాణం. శిక్ష పది నుంచి ఇరవై ఏళ్లు, బెయిలు దొరకడం బహు కష్టం. ‘శీలావతి’ అని పిలిచే రకానికి బయటి మార్కెట్లో గిరాకీ ఎక్కువ. పెట్టుబడి పెట్టేది బయటి వ్యాపారి, చాకిరీ కొండ రైతుది, మోత రోజుకూలీది. లారీలో అడుగున గంజాయి మూటలు, పైన పనసకాయలో పసుపు బస్తాలో. కొన్నింటికి క్యాబిన్ వెనుక రేకు కొట్టిన దొంగ అర. ముందు ఒక బైకు వెళుతుంది, దాన్ని ‘పైలట్’ అంటారు. చెక్‌పోస్టు కనబడగానే ఫోను మోగుతుంది, వెనక వచ్చే బండి ఆగిపోతుంది లేదా అడ్డదారి పడుతుంది. పట్టుబడితే జైలుకు వెళ్లేది చాలామటుకు డ్రైవరు, కూలీ. విశాఖ నగర శివార్లలో అడవివరం కేంద్ర కారాగారంలోని ఖైదీల్లో గంజాయి కేసుల వాళ్లదే పెద్ద వాటా కావడం ఈ లెక్కనే చెబుతుంది.

ఈ వ్యాపారంలో హింస లేదా? ఉంది, కానీ దాని రూపం వేరు. 2021 అక్టోబరు 17న, గంజాయి కేసు దర్యాప్తుకు వచ్చిన నల్గొండ పోలీసులు లంబసింగి దగ్గర నిందితులతో తిరిగి వెళ్తుండగా ఒక గుంపు వారిపై రాళ్లతో దాడికి దిగింది. పోలీసులు కాల్పులు జరిపారు, ఇద్దరు గాయపడ్డారు. ఆ రోజు తుపాకి ఉన్నది పోలీసుల చేతిలోనే. చెక్‌పోస్టు దగ్గర బారికేడును గుద్దుకుంటూ పోవడం, వెంటాడే బండిని ఢీకొట్టడం గంజాయి రవాణాలో తరచు కనిపించే హింస. నగరంలోనూ అంతే. ఇన్ని టన్నుల సరుకు దాటిపోయే విశాఖపట్నంలో సంచలనం రేపిన నేరాలు చూస్తే, 2023 జూన్‌లో ఒక పార్లమెంటు సభ్యుడి కుటుంబాన్ని బంధించిన రౌడీషీటరు ముఠా కత్తులతో బెదిరించింది. 2024 ఫిబ్రవరి 2 రాత్రి కొమ్మాదిలో ఒక తహసీల్దారును ఇనుపరాడ్డుతో కొట్టి చంపారు. మెక్సికో సరిహద్దు పట్టణాల్లో ఇలాంటి నేరాల్లో మొదట వినిపించేది తుపాకి.

రేవు సంగతి కూడా చూడాలి. 1933లో మొదలైన విశాఖ రేవుకు యుద్ధ సామగ్రి పొరపాటున వచ్చే దారి ఒకటుంది: ఉక్కు కరిగించే కొలుములకు దిగుమతయ్యే తుక్కు ఇనుము. 2004 సెప్టెంబరు 30న ఘజియాబాద్‌లోని ఒక ఉక్కు కర్మాగారంలో యుద్ధభూముల నుంచి వచ్చిన తుక్కులోని పేలని గుండ్లు పేలి పదిమంది చనిపోయారు. ఆ తర్వాత ముక్కలు చేయని తుక్కు రావాలంటే ఓడ ఎక్కకముందే తనిఖీ పత్రం తప్పనిసరి చేసి, విశాఖతో సహా కొన్ని నిర్ణీత రేవులకే అనుమతిచ్చారు. దొంగ రవాణా కన్నా ఈ అజాగ్రత్తే ఇనుప వ్యాపారంలో ఎక్కువ ప్రాణాంతకమైంది.

మావోయిస్టులకు గంజాయి సొమ్ముతో సంబంధం ఉందని పోలీసులు చెబుతూ వచ్చారు. దళాలు తిరిగే ప్రాంతంలోనే సాగు పెరిగిందనడంలో సందేహం లేదు, ఎందుకంటే ఖాకీ చొక్కా అడుగు పెట్టలేని చోటే ఆ పంటకు నీడ. అంతమాత్రాన దళం తుపాకి గంజాయి వ్యాపారి చేతికి రాలేదు. దళం తన ఆయుధాన్ని రాజకీయ లక్ష్యాలపైనే ఎక్కుపెట్టింది. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర అరకు శాసనసభ్యుడు కిడారి సర్వేశ్వరరావు, మాజీ శాసనసభ్యుడు సివేరి సోమల వాహనాలను ఆపి, గన్‌మెన్ల ఆయుధాలు లాక్కుని, ఇద్దరినీ కాల్చి చంపారు. అదేరోజు ఆగ్రహించిన జనం డుంబ్రిగుడ, అరకు పోలీస్ స్టేషన్ల మీద పడి విధ్వంసం చేశారు.

రెండు దారుల మధ్య ఉన్న ఈ ఎడం ఇప్పుడు మారే దశలో ఉంది. 2018 జులైలో బలిమెల జలాశయం మీద గురుప్రియ వంతెన తెరుచుకున్నాక, జలాశయం వల్ల రాకపోకలు తెగిపోయి ‘కటాఫ్ ఏరియా’ అనిపించుకున్న ప్రాంతంలోకి బలగాలు, బస్సులు వెళ్లాయి. 2021 చివర్లో ఆంధ్ర పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరిట వేల ఎకరాల్లో గంజాయి తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు రెండు లక్షల కిలోల సరుకును తగలబెట్టారు. 2024లో ‘ఈగల్’ అనే ప్రత్యేక విభాగం ఏర్పడి, 1972 నంబరుకు సమాచారం ఇమ్మని ప్రజలను కోరింది. మావోయిస్టు అగ్రనేతలు గాజర్ల రవి 2025 జూన్‌లో, హిడ్మా నవంబరు 18న మారేడుమిల్లి అడవుల్లో ఎదురుకాల్పుల్లో చనిపోయారు. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టుకున్న జిల్లాలోనే ఆ రెండూ జరిగాయి.

దళాలు చెదిరిపోయినా తుపాకులు కొన్ని మిగులుతాయి. మావోయిస్టులు ఆయుధాలను, తూటాలను ప్లాస్టిక్ డ్రమ్ముల్లో, నీరు చొరకుండా మూతి బిగించి నేలలో పాతిపెడతారు. పోలీసు పరిభాషలో వాటిని డంపులంటారు. ఎక్కడ పాతారో తెలిసినవాళ్లు ఒకరిద్దరే ఉంటారు. వాళ్లలో కొందరు చనిపోయారు, కొందరు లొంగిపోయి చోటు చూపించారు. ఎవరూ చూపించని డ్రమ్ములు కొండచరియల్లోనే ఉండిపోతాయి. అటువైపు పశువులు తోలుకెళ్లే పిల్లవాడికైనా, గంజాయి మూటకు కొత్త దారి వెతికే పైలట్‌కైనా అవి తగలవచ్చు. ఒకనాడు కోరాపుట్ ఆయుధాగారం నుంచి వచ్చిన రైఫిల్, ఏ పార్టీ క్రమశిక్షణా లేని చేతిలో పడి, డబ్బుకు చేతులు మారితే ఈ సరిహద్దులో అది మొదటిసారిగా అమ్మకపు సరుకవుతుంది. డంపుల వెలికితీతను గంజాయి నిఘాతో కలిపి నడపడం అందుకే ఇప్పటి అవసరం. ఆయా గ్రామాల్లో నమ్మకం సంపాదించకుండా ఆ పని జరగదు, ఎందుకంటే మట్టి ఎక్కడ కొత్తగా కదిలిందో ముందుగా గమనించేది ఆ అడవిలో దుంపలు తవ్వుకునే మనిషే.