ఉత్తర్వు లేని నిషేధం: రాధికాసాంత్వనం అనుభవం – కృత్రిమ మేధ చిత్రసాధనాలు

ప్రస్తావన

మాటల్లో వర్ణించిన దృశ్యాన్ని క్షణాల్లో చిత్రంగా మార్చే కృత్రిమ మేధ సాధనాలు 2022 నుండి సామాన్యుల చేతికి వచ్చాయి. చిత్రకారులు, పుస్తక ప్రచురణకర్తలు, ఉపాధ్యాయులు వాటిని వాడుతున్నారు. అయితే ఆ సాధనాలు ప్రతి వర్ణననూ స్వీకరించవు. నగ్నత, హింస, శృంగారం వంటి అంశాలు ఉన్నాయని యంత్రం భావిస్తే చిత్రం రాదు. నియమావళికి విరుద్ధమన్న ఒక వాక్యం మాత్రమే తెరపై కనిపిస్తుంది. ఈ వడపోత కళాస్వేచ్ఛకు భంగమని కొందరు, సమాజ రక్షణకు అవసరమని కొందరు వాదిస్తున్నారు. ఈ వాదం తెలుగు సాహిత్య చరిత్రకు కొత్త కాదు. వలస పాలనలోను, నిజాం పాలనలోను తెలుగువారు అనేక రకాల నియంత్రణలను ఎదుర్కొన్నారు. ఆ అనుభవంలోని రెండు ఘట్టాల వెలుగులో నేటి వడపోత స్వభావాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

ఈ పరిశీలనకు సంగారెడ్డి జిల్లా తగిన ప్రారంభస్థానం. 2016 వరకు మెదక్ జిల్లాలో భాగమైన ఈ ప్రాంతంలో, సంగారెడ్డి పట్టణానికి తూర్పున పటాన్‌చెరు, జిన్నారం పారిశ్రామిక వలయం ఉంది. పట్టణాన్ని ఆనుకొని ఉన్న కందిలో హైదరాబాదు ఐఐటీ ఉంది. కృత్రిమ మేధలో బీటెక్ కోర్సును 2019లోనే ఆరంభించిన విద్యాసంస్థ అది. ఉత్తరాన జోగిపేట ఉంది. తెలంగాణలో ముందస్తు అనుమతి అనే నియంత్రణ చరిత్రలో ఆ ఊరికి ముఖ్యస్థానం ఉంది.

అనుమతి కోరిన సభ: జోగిపేట, 1930

నిజాం ప్రభుత్వం 1929లో జారీచేసిన గస్తీ నిశాన్ 53 ప్రకారం బహిరంగ సభ జరపాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి పొందాలి. ఈ ఆంక్ష అమలులో ఉండగానే 1930 మార్చిలో జోగిపేటలో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ ప్రథమ సమావేశం సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగింది. దానికి అనుబంధంగా నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన ఆంధ్ర మహిళాసభ కూడా జరిగింది. అనుమతికి లోబడి జరిగిన సభ కనుక విద్య, భాష, సంఘసంస్కరణ వంటి విషయాలకే చర్చ ప్రధానంగా పరిమితమైంది. ఆ పరిమితిలోనే తెలంగాణ చైతన్యానికి ఒక వేదిక ఏర్పడింది.

ఇక్కడ గమనించవలసినది ఆంక్ష స్వరూపం. గస్తీ నిశాన్ 53 మాట పలకడానికి ముందే అడ్డు నిలిచింది. ఆ దృష్టితో అది కఠినమైనది. కాని దానికి ఒక సంఖ్య ఉంది, జారీచేసిన ప్రభుత్వం ఉంది, చదివి విమర్శించడానికి పాఠం ఉంది. అందువల్లనే అది ఉద్యమానికి లక్ష్యం కాగలిగింది. దానిని రద్దు చేయాలన్న కోరిక తెలంగాణ పౌరహక్కుల చరిత్రలో ఏళ్ల తరబడి వినిపించింది. పేరున్న ఆంక్షను పేరుపెట్టి ఎదిరించవచ్చు.

రెండు విధాల తొలగింపు: రాధికాసాంత్వనం

కళాస్వేచ్ఛ విషయంలో ఇంతకంటె లోతైన ఉదాహరణ రాధికాసాంత్వనం. తంజావూరును 1739 నుండి 1763 వరకు పాలించిన ప్రతాపసింహుని ఆస్థానంలో ముద్దుపళని ఈ శృంగార ప్రబంధాన్ని రచించింది. తాను పెంచిన ఇళను కృష్ణునికిచ్చి పెండ్లి చేసిన రాధ, ఆపై విరహంతో, అలుకతో వేగిపోవడం, కృష్ణుడు ఆమెను అనునయించడం ఇందులోని ఇతివృత్తం. శృంగారంలో స్త్రీ కోరికను స్త్రీయే చెప్పడం, చొరవ కూడా ఆమెదే కావడం దీని విశిష్టత.

ఈ కావ్యం రెండు సార్లు తొలగింపునకు గురైంది. మొదటిది పరిష్కర్త చేతిలో జరిగింది. బ్రౌను వద్ద పనిచేసిన పైడిపాటి వెంకటనరసు 1887లో దీనిని ముద్రించాడు. అందులో అవతారిక లేదు. కొన్ని పద్యాలూ లేవు. ముద్దుపళని తన వంశాన్ని స్త్రీల పరంపరగా చెప్పుకొన్నదీ, తన ప్రతిభను తానే సగర్వంగా ప్రకటించుకొన్నదీ ఆ అవతారికలోనే. ఆ ముద్రిత ప్రతి ఒక్కటే చేతనున్న పాఠకునికి, వదలివేసినదేమిటో తెలుసుకొనే వీలు లేదు. కవయిత్రి ఎవరో చెప్పే భాగమే పోవడంతో, స్త్రీ రచన అన్న గుర్తింపునకే ముప్పు ఏర్పడింది.

ఈ లోటును గుర్తించినది బెంగళూరు నాగరత్నమ్మ. సంగీత విదుషీమణి, దేవదాసీ కుటుంబంలో పుట్టిన ఆమె మూలప్రతిని సంపాదించి, ముద్రిత ప్రతితో పోల్చి, సంపూర్ణ పాఠాన్ని 1910లో వావిళ్ల రామస్వామిశాస్త్రులు అండ్ సన్స్ ద్వారా వెలువరించింది. అంతకుముందు కందుకూరి వీరేశలింగం ఆంధ్రకవుల చరిత్రములో ఈ కావ్యాన్ని స్త్రీలు వినదగనిదిగా, స్త్రీ నోట రాదగనిదిగా నిందించాడు. నాగరత్నమ్మ తన పీఠికలో దానికి సూటిగా బదులు చెప్పింది. సిగ్గు అనేది స్త్రీలకు మాత్రమేనా, పురుషులకు లేదా అన్నది ఆమె ప్రశ్న సారం. వీరేశలింగం పరిష్కరించిన వైజయంతీ విలాసంలోని శృంగారాన్ని ఆమె ఉదాహరణగా చూపింది. స్త్రీవిద్యకోసం జీవితాన్ని ధారపోసిన సంస్కర్త ఒకవైపు, సంస్కరణ పేరిట బతుకుతెరువునూ గౌరవాన్నీ కోల్పోతున్న వర్గపు విదుషి మరొకవైపు నిలిచిన ఈ వివాదాన్ని ప్రగతికీ అభివృద్ధి నిరోధానికీ జరిగిన పోరుగా చూడడం సరికాదు. మేలుకోరి పెట్టిన కట్టుబాటు సైతం ఎవరి గొంతును నొక్కుతుందో తెలిపే ఘట్టమిది.

రెండవ తొలగింపు ప్రభుత్వం చేసినది. గ్రంథం అశ్లీలమన్న అభియోగం రాగా, 1911లో కొన్ని భాగాలకు చేయించిన ఇంగ్లీషు అనువాదం ఆధారంగా మద్రాసు ప్రభుత్వం చర్యకు దిగింది. ప్రతులను స్వాధీనం చేసుకొని గ్రంథాన్ని నిషేధించింది. ఆనాటి న్యాయదృష్టికి మూలం 1868 నాటి ఇంగ్లండు హిక్లిన్ తీర్పు. కృతిలోని ఏ కొద్ది భాగమైనా బలహీన మనస్కులను చెడగొట్టేదిగా ఉంటే చాలు, మొత్తం కృతి దోషి అవుతుంది. ప్రబంధ సంప్రదాయం, రసౌచిత్యం, నాయికాభేదం అన్నవి ఆ తూకంలో లేవు. తెలుగు రాని అధికారి ముందు నిలిచినవి కథనుండి విడిపోయి, భాష మారిన కొన్ని వాక్యాలు మాత్రమే.

అయినా ఈ రెండింటిలో తీర్చుకోగలిగిన అన్యాయం రెండవదే. వావిళ్ల వారు ప్రభుత్వానికి విన్నవించుకొన్నారు. పండితలోకంలో చర్చ సాగింది. చివరకు 1947లో టంగుటూరి ప్రకాశం చొరవతో నిషేధం తొలగింది. 1952లో, నాగరత్నమ్మ కన్నుమూసిన ఏడాదిలోనే, వావిళ్ల వారు కావ్యాన్ని పునర్ముద్రించారు. ఉత్తర్వు ఉన్నందువల్ల దానిని ఉపసంహరించడం సాధ్యమైంది. 1887 నాటి తొలగింపునకు ఉత్తర్వు లేదు. మూలప్రతి ఒకటి నిలిచి ఉండకపోతే, దానిని వెదకిన మనిషి ఒకరు లేకపోతే, అది శాశ్వతమై ఉండేది.

నేటి వడపోత స్వరూపం

చిత్రసాధనాల్లో వడపోత సాధారణంగా మూడు దశల్లో జరుగుతుంది. యంత్రానికి శిక్షణనిచ్చే చిత్రాలనుండి కొన్నింటిని ముందుగానే తీసివేయడం ఒకటి. వాడుకరి ఇచ్చిన వర్ణనలోని పదాలను పరీక్షించడం రెండవది. తయారైన చిత్రాన్ని చూపడానికి ముందు మరల పరీక్షించడం మూడవది. గస్తీ నిశాన్ 53 లాగా రెండవది ముందస్తు అనుమతి. మూడవది ముద్రణ అయిన పుస్తకాన్ని అంగడికి చేరకముందే పట్టుకోవడం వంటిది. మొదటిది మాత్రం వెంకటనరసు పరిష్కరణను పోలినది.

మొదటి దశ ఫలితాన్ని ఓపెన్‌ఏఐ సంస్థ స్వయంగా 2022లో ప్రకటించింది. డాల్-ఇ 2 శిక్షణ సామగ్రినుండి లైంగిక, హింసాత్మక చిత్రాలను తొలగించినపుడు, ఆ సామగ్రిలో స్త్రీని సూచించే పదం 14 శాతం తగ్గగా, పురుషుని సూచించే పదం 6 శాతమే తగ్గింది. వడపోత తరువాతి యంత్రం స్త్రీల బొమ్మలను తక్కువగా గీయసాగింది. ఆ అసమతుల్యతను సరిదిద్దడానికి సంస్థ మరొక సవరణ చేయవలసి వచ్చింది. స్త్రీలను బహిష్కరించాలన్న ఉద్దేశం ఎవరికీ లేదు. అశ్లీలాన్ని తీసివేద్దామనుకొన్నారు, దానితోపాటు స్త్రీలు పోయారు. రాధికాసాంత్వనం నుండి అవతారిక పోయిన తీరు ఇక్కడ స్ఫురించక మానదు.

రెండవ దశకు ఉదాహరణ మిడ్‌జర్నీ. స్త్రీ జననేంద్రియాలకు, గర్భధారణకు సంబంధించిన శరీరశాస్త్ర పదాలను ఆ సాధనం నిరోధించిందని, కాలేయం, మూత్రపిండం వంటి పదాలకు అడ్డు లేదని 2023 ఫిబ్రవరిలో వెల్లడైంది. మాయను సూచించే వైద్యపదం కూడా నిరోధానికి గురైంది. వైద్యగ్రంథానికీ శృంగారచిత్రానికీ తేడా తెలియని ఆ పరీక్ష, సందర్భం విడిచి పదాన్ని మాత్రమే తూచినది. 1911 నాటి పద్ధతి ఇదే.

మూడవ దశలోని సమస్య రహస్యం. 2022లో విడుదలైన స్టేబుల్ డిఫ్యూజన్ సాధనం, తయారైన చిత్రాన్ని 17 నిషిద్ధ భావనలతో పోల్చి చూసేది. ఆ భావనలేమిటో ప్రకటించలేదు. వాటి సంఖ్యారూపాలను మాత్రమే ప్రోగ్రాములో పొందుపరిచారు. అదే సంవత్సరం కొందరు పరిశోధకులు వాటిని ఛేదించి, అవన్నీ లైంగికతకు సంబంధించినవేనని, హింసను ఆ వడపోత పట్టించుకోలేదని చూపారు. ఈ పరిశోధన సాధ్యమైనది ప్రోగ్రాము బహిరంగంగా ఉన్నందువల్లనే. నాగరత్నమ్మకు మూలప్రతి దొరికినట్లు వారికి ప్రోగ్రాము దొరికింది. ప్రోగ్రామును మూసి ఉంచే సంస్థల సాధనాల విషయంలో ఆ అవకాశం లేదు.

మినహాయింపు, సమ్మతి

నియంత్రణ అసలే వద్దనడం ఈ చరిత్ర సారాంశం కాదు. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖాన్ని వేరొక స్త్రీ వీడియోపై అతికించిన ఉదంతం దేశవ్యాప్తంగా ఆందోళన కలిగించింది. జీవించి ఉన్న వ్యక్తి రూపాన్ని ఆమె సమ్మతి లేకుండా వాడడం కళాస్వేచ్ఛ పరిధిలోనిది కాదు. పిల్లల లైంగిక చిత్రణ విషయంలోనూ చర్చకు తావు లేదు. ఇక్కడ దోషం శృంగారంలో లేదు. సమ్మతి లేకపోవడంలోను, ఒక మనిషికి కలిగే హానిలోను ఉంది. ముద్దుపళని కావ్యంలో అటువంటి హాని ఎవరికీ లేదు. ఈ రెండింటినీ ఒకే మూటగా కట్టే వడపోత మొదటిదానిని ఆపలేక, రెండవదానిని మాత్రం ఆపే ప్రమాదం ఉంది.

భారతీయ న్యాయచింతన ఈ భేదాన్ని క్రమంగా గుర్తించింది. శిక్షాస్మృతిలోని 292వ సెక్షనూ, దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయసంహితలోని 294వ సెక్షనూ అశ్లీలాన్ని నేరంగా చెబుతూనే, సాహిత్య, కళా, శాస్త్ర ప్రయోజనం గల రచనలను, ప్రాచీన స్మారకాలపైన, దేవాలయాలపైన ఉన్న శిల్పాలను, చిత్రాలను మినహాయించాయి. 1213 నాటి రామప్ప గుడి మదనికలకు చట్టం కల్పించిన రక్షణ ఇది. 2014లో అవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు హిక్లిన్ కొలమానాన్ని విడిచి, కృతిని మొత్తంగా, సమకాలీన సమాజ ప్రమాణాలతో చూడాలని చెప్పింది. కోర్టు విడిచిన కొలమానం యంత్రంలో మళ్లీ తలెత్తడం గమనార్హం. చట్టంలో మినహాయింపు రాతపూర్వకంగా ఉంది. పదాన్ని చూసి ఆపే వడపోతలో మదనిక శిల్పమని విన్నవించుకొనే చోటు లేదు.

ఉపసంహారం

పై పరిశీలనవల్ల తేలేది ఒకటి. నిషేధపు తీవ్రత అది ఎంత ఆపుతుందన్న దానితోపాటు, అది ఏ గుర్తు మిగులుస్తుందన్న దానిపైనా ఆధారపడుతుంది. గస్తీ నిశాన్ 53 సంఖ్యతో మిగిలింది. 1911 నాటి నిషేధం 1947లో రద్దు కావడానికి తగినంత గుర్తును మిగిల్చింది. 1887 నాటి పరిష్కరణ ఒక మూలప్రతి దయవల్ల మాత్రమే బయటపడింది. గీయబడని చిత్రానికి మూలప్రతి ఉండదు. నిరాకరణకు గురైన వర్ణన ఏదో, కారణమేదో నమోదు కాకపోతే, రేపటి పరిశోధకునికి పోల్చి చూడడానికి రెండవ ప్రతి దొరకదు.

కనుక చిత్రసాధనాల విషయంలో కళాస్వేచ్ఛ కోరవలసినవి నిరాడంబరమైనవి: నిషిద్ధమైనదేదో బహిరంగంగా ప్రకటించడం, ప్రతి నిరాకరణకు కారణం చెప్పడం, దానిపై విన్నవించుకొనే మార్గం ఉంచడం, శిక్షణ సామగ్రినుండి తీసివేసినదానికి లెక్క చూపడం. కంది వంటి చోట్ల రూపొందే భారతీయ సాధనాల వడపోతకు తెలుగు శృంగార సంప్రదాయం, శిల్పం, నాయికాభేదం తెలిసినవారి పాలు ఉండడం అవసరం. ఆ పనిలో తెలుగు శాఖలకు బాధ్యత ఉంది. తొలగించినదానిని వెదకి పోల్చి చూపిన పరిష్కర్త ఒకామె 1910లోనే ఆ బాధ్యత ఎటువంటిదో చేసి చూపింది.