సభలు పెట్టనివ్వని రాజ్యంలో గ్రంథాలయాలు

తెలంగాణ రైతాంగ పోరాటం గురించి రాసేవారు సాధారణంగా 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరగడంతో మొదలుపెడతారు. కాస్త వెనక్కి వెళ్లేవారు 1944 నాటి భువనగిరి ఆంధ్ర మహాసభ దగ్గర ఆగుతారు. గ్రంథాలయోద్యమానికి మాత్రం వేరే అధ్యాయం కేటాయిస్తారు. అది భాషాభిమానులు చేసిన సాహిత్య సేవగా రెండు పేరాల్లో ముగిసిపోతుంది. ఈ రెంటినీ ఇలా విడదీయడం పొరపాటని నా అభిప్రాయం. నిజాం రాజ్యంలో తెలుగువాళ్లకు నలుగురు ఒకచోట చేరి మాట్లాడుకోవడం, చందా వేసుకోవడం, కార్యదర్శిని ఎన్నుకోవడం, ఆ కార్యదర్శిని లెక్క చెప్పమని నిలదీయడం, తీర్మానం రాసి పదిమంది చేత ఒప్పించడం నేర్పినవి పఠన మందిరాలే. ఈ అలవాట్లు ముందే పడి ఉండకపోతే, వెట్టి మీద జనంలో ఎంత కోపం రగిలినా అది అంత త్వరగా సంఘంగా కూడి ఉండేది కాదు.

కోస్తా జిల్లాల్లోనూ గ్రంథాలయోద్యమం గొప్పగానే సాగింది. బెజవాడలో 1911లో రామమోహన గ్రంథాలయం వెలిసింది. 1914లో అక్కడే చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి సభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య ఆ పనికే జీవితాన్ని ధారపోశారు. 1935లో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పుస్తకాల పడవ కూడా నడిచింది. అయితే అక్కడ గ్రంథాలయం పక్కనే కాంగ్రెస్ ఉంది, పత్రికలున్నాయి, ఎన్ని ఆంక్షలున్నా బహిరంగ సభలూ ఉన్నాయి. హైదరాబాద్ సంస్థానం సంగతి అలా కాదు. జనాభాలో సగానికి దగ్గరగా తెలుగువాళ్లే అయినా కచేరీ భాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధన ఉర్దూలోనే. చదవను రాయను వచ్చినవాళ్లు నూటికి పదిమందైనా లేరు. పైగా గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు అమల్లో ఉంది. సభ పెట్టాలంటే ముందుగా అనుమతి తెచ్చుకోవాలి, ఇవ్వడం మానడం అధికారుల దయ. ఇన్ని తలుపులు మూసిన చోట మిగిలింది పుస్తకం ఒక్కటే. అందుకే కోస్తాలో నాలుగైదు సంస్థలు పంచుకున్న బరువును ఇక్కడ గ్రంథాలయం తానొక్కటే మోసింది.

1901 సెప్టెంబరు 1న హైదరాబాద్ రెసిడెన్సీ బజారులో, రావిచెట్టు రంగారావు ఇంట్లో, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు దానికి అండ. స్థలం గమనించదగ్గది. ఆ బజారు బ్రిటిష్ రెసిడెంటు అధికారం కింద ఉండేది, నిజాం పోలీసుల పట్టు అక్కడ అంతగా లేదు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం, మరుసటి ఏడు సికింద్రాబాద్‌లో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం వచ్చాయి. పేర్లు చూస్తే అన్నీ భాషాసేవే. కానీ భాషా నిలయాన్ని నిలబెట్టినవాళ్లే 1906లో విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించారు. ఆ మండలి తొలి ప్రచురణ గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. పురాణాలూ ప్రబంధాలూ ఎన్నో అచ్చుకు సిద్ధంగా ఉండగా, బానిసత్వాన్ని రద్దు చేసినవాడి కథను ముందు ఎంచుకున్నారు. గడీల చుట్టూ వెట్టి సాగుతున్న నేలలో పుట్టిన ప్రచురణ సంస్థకు ఆ ఎంపిక యాదృచ్ఛికమని నేను నమ్మలేను.

1921 నవంబరులో హైదరాబాద్‌లోని వివేకవర్ధని పాఠశాలలో సంస్కర్త కార్వే అధ్యక్షతన సంఘ సంస్కరణ సభ జరిగింది. అందులో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలిచేసి కూర్చోబెట్టారు. ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో కొద్దిమంది కలిసి ఆంధ్ర జన సంఘానికి అంకురార్పణ చేశారు. ఈ అవమానం గురించి అందరూ రాస్తారు. ఆ తర్వాత సంఘం పెట్టుకున్న పనుల గురించి అంతగా రాయరు. గ్రంథాలయాలు, పఠన మందిరాలు, పాఠశాలలు పెట్టడం, తాళపత్రాలు, శాసనాలు సేకరించడం, చిన్న పుస్తకాలు వేయడం దాని కార్యక్రమం. ఆ చిన్న పుస్తకాల్లో ఒకటి వెట్టిచాకిరి మీద. వెట్టిని అదుపు చేస్తూ నిజాం ప్రభుత్వమే లోగడ ఉత్తర్వులిచ్చింది, అవి ఉర్దూ దస్తరాల్లో పడి ఉన్నాయి. సంఘ నాయకుడు మాడపాటి హనుమంతరావు బృందం వాటిని వెలికితీసి తెలుగులో జనం ముందు పెట్టింది. దొర చేయించుకుంటున్న చాకిరి ఆచారమూ కాదు, హక్కూ కాదు, రాజు ఉత్తర్వుకే విరుద్ధమని తెలిసినవాడు మర్నాడు అదే కళ్లతో దొరను చూడడు. 1926లో సురవరం ప్రతాపరెడ్డి స్థాపించిన గోలకొండ పత్రిక ఈ పనిని మరింత దూరం తీసుకెళ్లింది.

ఇదంతా చదువుకున్న కొద్దిమంది వ్యవహారమని ఆక్షేపణ ఉంది. అందులో చాలా నిజముంది, దాన్ని తేలిగ్గా కొట్టేయకూడదు. ఉద్యమ నాయకుల్లో ఎక్కువమంది వకీళ్లు, జమీందార్లు, దేశ్‌ముఖ్ కుటుంబాలవాళ్లు. అంటరానితనాన్ని ఎదిరించేందుకు భాగ్యరెడ్డివర్మ 1906లోనే జగన్మిత్ర మండలితో వేరే దారి వేసుకున్నారు. హరికథలు, భజనలు ఆయనకు సాధనాలయ్యాయి. తన జనం కోసం బడులు పెట్టించారు. అక్షరం అందని చోటికి ముందు మాట చేరాలన్న ఆయన లెక్క సరైనది. పఠన మందిరాల పెద్దలు ఆ పాఠం ఆలస్యంగా నేర్చుకున్నారు, ఆ ఆలస్యానికి బాధ్యత వారిదే. అయినా పుస్తకం ప్రభావాన్ని చదవగలిగినవారి సంఖ్యతో కొలవడం సరికాదు. ఒకరు చదివితే పదిమంది వినడం మన ఊళ్లకు పురాణ కాలక్షేపం నాటి అలవాటు. వట్టికోట ఆళ్వారుస్వామినే చూడండి. నిరుపేదగా పుట్టి, ఇళ్లలో వంట చేసుకుంటూ అక్షరాలు నేర్చుకున్నవాడు, 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి పుస్తకాలను ఊరూరా తిప్పాడు. పెద్దల కోసం కట్టిన ఇంట్లోకి పనివాడు నడిచివచ్చి యజమాని అయ్యాడు. తలుపు తెరిచినవాళ్లు దాన్ని ఊహించకపోయి ఉండవచ్చు, కానీ తలుపు తెరిచింది వాళ్లే.

ఇంకో వాదన దీనికన్నా బలమైనది. పోరాటాన్ని పుట్టించింది భూమి, వెట్టి, యుద్ధకాలపు లెవీ ధాన్యం. దాన్ని నడిపింది కమ్యూనిస్టులు. ఇందులో గ్రంథాలయాల పాత్ర ఎంత అని అడుగుతారు. కారణాల విషయంలో ఈ వాదనతో నాకు పేచీ లేదు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దొరకు ఎదురు నిలిచింది తన పంట కోసం, ఏ పుస్తకమో చదివి కాదు. కానీ ఆమె వెనక నిలబడిన సంఘం ఎక్కడిది? ఊరివాళ్లు ‘సంగం’ అని పిలుచుకున్నది ఆంధ్ర మహాసభనే. 1930లో జోగిపేటలో సురవరం అధ్యక్షతన మొదలైన ఆ మహాసభ ఆంధ్ర జన సంఘానికి వారసురాలు. ఊరు మార్చుకుంటూ దేవరకొండ, ఖమ్మం, సిరిసిల్ల, షాద్‌నగర్, నిజామాబాద్‌లలో సభలు జరిపింది. కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి, ఆయన సహచరులు కొత్త వేదిక కట్టుకోకుండా దీనిలోనే పనిచేశారు. భువనగిరిలో పాత నాయకులు విడిపోయాక, సభ్యత్వం అణాకు తగ్గి, కూలీలూ పాలేర్లూ చేరగలిగారు. రసీదు పుస్తకం, కార్యవర్గం, తీర్మానం అప్పటికే ఉన్నాయి. మితవాదులు కట్టిన యంత్రాన్ని తీవ్రవాదులు వాడుకున్నారు. మితవాదులకు అది నచ్చలేదు, చరిత్రకు వారి ఇష్టంతో పనిలేదు.

ఆడవాళ్ల విషయంలో ఈ ఉద్యమం చేసిన మేలు చిన్నదే అయినా గట్టిది. జోగిపేటలోనే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళాసభ జరిగింది. అంతకు రెండేళ్ల ముందు, 1928లో, మాడపాటి తదితరులు హైదరాబాద్‌లో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల పెట్టారు. సంస్థానంలో తెలుగు చదువుకు గుర్తింపు దొరకదు కనుక, కార్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయానికి దాన్ని అనుబంధించారు. తెలుగు ప్రసంగాన్ని గేలిచేసిన సభకు అధ్యక్షత వహించిన కార్వే సంస్థే తెలుగు పిల్లల చదువుకు దారి ఇచ్చింది. సంస్కర్తలందరినీ ఒక గాటన కట్టకూడదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం సుల్తాన్ బజార్‌లో ఇప్పటికీ ఉంది. జిల్లాల్లోని పాత పఠన మందిరాలన్నిటికీ ఆ అదృష్టం లేదు. వాటి చందాల జాబితాలు, సభ్యుల పేర్లు, సమావేశాల పుస్తకాలు, ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారో రాసిన ఖాతాలు ఇళ్లలో అటకల మీద ఎక్కడైనా మిగిలి ఉంటే, పాత కాగితాల వాళ్లకు తూకానికి వేయకండి. దగ్గరలోని గ్రంథాలయానికో విశ్వవిద్యాలయానికో అప్పగించండి. ఏ ఊళ్లో ఎవరు ముందు చదివారో, తర్వాత సంగంలో ఎవరు చేరారో పక్కపక్కన పెట్టి చూడటానికి ఆ కాగితాలు కావాలి.