జాడీ నుంచి సీసాకు: ప్రియా పచ్చళ్ల చరిత్ర

ఈ భాగం చదివేముందు మీ ఇంట్లో కొన్న పచ్చడి సీసా ఉంటే ఒకసారి చేతిలోకి తీసుకోండి. దాని మీద అతికించిన లేబులు కూడా చరిత్రకు ఆధారమే. శాసనాన్ని చదివినంత శ్రద్ధగా దాన్నీ చదవాలి.

తక్షణాహారం అనగానే చాలామందికి 1983లో మన దేశానికి వచ్చిన మ్యాగీ నూడుల్స్ గుర్తుకొస్తాయి. తెలుగువారికి అంతకు చాలా ముందే అలాంటి ఆహారం ఉంది. 1855లో కృష్ణానదిపై ఆనకట్ట పూర్తయ్యాక తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల్లో కాలువల కింద వరి విస్తరించింది. అన్నం ఉండి కూర లేని పూట ఆవకాయో, గోంగూర పచ్చడో ఆదుకునేది. దానికి రెండు నిమిషాలు కూడా అక్కరలేదు.

అయితే ఆ సౌకర్యం వెనుక వేసవి చాకిరీ ఉంది. కాయలు కడిగి, తడి లేకుండా తుడిచి, టెంకతో సహా ముక్కలు కొట్టి, జీడి తీసి, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె కలిపి జాడీకెత్తి వాసెన కట్టాలి. మూడోనాడు తిరగ కలపాలి. ఈ పనిలో ఎక్కువ భాగం ఆడవాళ్లదే, జీతం లేనిదే. కొన్ని ఇళ్లలో జాడీని ఎవరు ముట్టుకోవాలి, ఎవరు ముట్టుకోకూడదు అనే మడి, మైల నియమాలు కూడా నడిచేవి. అమ్మమ్మ జాడీ గురించి మురిపెంగా రాసేవారు ఈ సంగతిని తరచుగా వదిలేస్తారు. మీరు వదలకండి.

1980లో రామోజీరావు ప్రియా ఫుడ్స్ స్థాపించారు. కృష్ణా జిల్లా పెదపారుపూడిలో పుట్టిన ఆయన అప్పటికే మార్గదర్శి చిట్‌ఫండ్ (1962), ఈనాడు దినపత్రిక (1974) నడుపుతున్నారు. కాలం కూడా కలిసివచ్చింది. ఉద్యోగాల కోసం కుటుంబాలు పట్నాలకు చేరాయి. జాడీలు పెట్టుకునే చోటు, ముక్కలు కొట్టే మనుషులు తగ్గారు. అమెరికా 1965లో వలస చట్టాన్ని మార్చాక అక్కడికి వెళ్లిన తెలుగువారు 1977లో తానా ఏర్పరచుకునేంత సంఖ్యకు పెరిగారు. సూట్‌కేసులో నూనె కారకుండా మూటకట్టిన పచ్చడికి బదులు, అక్కడి భారతీయ దుకాణంలో సీసా దొరకసాగింది.

సీసా వయసు తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. 1955 నాటి పండ్ల ఉత్పత్తుల ఉత్తర్వు ప్రకారం ఫ్యాక్టరీ పచ్చళ్లపై ఎఫ్.పి.ఓ. ముద్ర ఉండేది. 2006 ఆహార భద్రతా చట్టం అమలయ్యాక ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. లైసెన్సు సంఖ్య వచ్చింది. మొదటిది మాత్రమే కనిపిస్తే అది పాత సీసా.

బ్రాండు వల్ల ఆడవాళ్ల శ్రమ పోయిందనడం సగం నిజమే. ఇంట్లో కూలి లేని పని ఫ్యాక్టరీలో కూలి పని అయింది. ముట్టు నియమాలను మాత్రం సీసా చాలావరకు పక్కకు నెట్టింది: అందులో పచ్చడి ఎవరు కలిపారో కొన్నవారికి తెలియదు. మరోవైపు, ఇంటింటికీ మారే ఉప్పూ కారాల పాళ్లు ఒకే రుచికి కుదించుకుపోయాయి.

మీ ఊళ్లో అరవై దాటిన ఒకరిని కలవండి. 2022 ఏప్రిల్‌లో బాపట్ల, రేపల్లె కొత్త బాపట్ల జిల్లాలోకి వెళ్లి తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది కాబట్టి, ఏ ఊరో స్పష్టంగా రాయండి. ఇంట్లోకి మొదటి సీసా ఎప్పుడు వచ్చింది, ఎవరు కొన్నారు, ఏ పచ్చడిని ఇప్పటికీ కొనరు అని అడిగి, వారి మాటల్లోనే రాసుకోండి.