అజ్ఞాతవాసము నొల్లని కవి

నెల్లూరి సీమలో వానలు వెనుకబట్టినపుడు విరాటపర్వము చదివించుట పెద్దలనాటి నుండి వచ్చుచున్న యాచారము. తిక్కన సోమయాజి భారతరచనకు బూని మొట్టమొదట జేపట్టినదియు నా పర్వమే. అందు గాండీవి చీరకట్టి, బృహన్నల యను పేర విరటుని కొలువున నుత్తరకు నాట్యము నేర్పును. ఆ కథను పీటలమీద గూర్చుండి వినుటకు మన యిండ్లలో నెవ్వరును సంకోచింపరు. ఇటీవల గొందరు విద్యావంతులు బృహన్నలను జూపి, పురుషుని వలచిన పురుషునకు మన పూర్వులు గౌరవమిచ్చిరని వాదించుచున్నారు. ఈ వాదము మాకు తొందరపాటుగా దోచుచున్నది. ఆ రెండును నొకటి కావు. పైగా నర్జునునిది శాపవశమున వచ్చి యొక యేట ముగిసిన వేషము. గడువు తీరగానే జమ్మిచెట్టు మీది విల్లు దిగినది. బ్రతుకంతయు నజ్ఞాతవాసముగా గడుపవలసిన వారి మాట వేరు. ఆ వాసము నొల్లని యొక కవిని గూర్చి యిచట వ్రాయ దలచితిమి.

హోషంగ్ మర్చంటు గారు 1947వ సంవత్సరమున బొంబాయిలో నొక పార్శీ కుటుంబమందు జన్మించిరి. సెయింట్ జేవియర్స్ కళాశాలలో జదివి, అమెరికా వెళ్లి, పర్డ్యూ విశ్వవిద్యాలయమున అనయీస్ నిన్ అను రచయిత్రిపై బరిశోధించి డాక్టరు పట్టమందిరి. నిన్ తన దినచర్యల వలననే ప్రసిద్ధి కెక్కిన యామె. తరువాత నీయన ఇరానునందును జెరూసలేమునందును గొంతకాలము గడపి, ధర్మశాలలో బౌద్ధము నభ్యసించి, తుదకు హైదరాబాదు విశ్వవిద్యాలయమున నాంగ్లాచార్యులై రెండు దశాబ్దములకు బైగా బోధించిరి. వ్రాసినది యింగ్లీషున. ఐనను, కవితాసంపుటి కొకదానికి 'హోటల్ గోల్కొండ' యని పేరిడినవానిని బరాయివాడనుట యెట్లు? ఆయన సంపుటములలో బెక్కింటిని కలకత్తాలో పి. లాల్ గారు స్థాపించిన రైటర్స్ వర్క్‌షాపు ప్రకటించెను. చేనేత చీరల గుడ్డతో అట్టగట్టిన యా పుస్తకములను జూచినవారు మరువజాలరు.

1999లో బెంగ్విన్ వారు ప్రకటించిన 'యారానా' యీయన సంపాదకత్వమున వెలువడినది. భారతదేశమున బురుషప్రేమను గూర్చిన రచనల సంకలనమిది. భూపేన్ ఖఖ్ఖర్, మహేశ్ దత్తానీ మున్నగువారి రచన లందు గలవు. 'యారానా' యనగా స్నేహము. మన సంఘమున నిద్దరు మగవారు చేయి చేయి పట్టుకొని వీథిలో నడచిన నెవ్వరును దిరిగి చూడరు. అదే చెలిమికి బ్రేమ యని పేరిడిన నిల్లు విడిచి పోవలసినదే. సంపాదకుడు పేరెన్నుటలోనే యీ కపటమును బట్టుకొనెనని మా యభిప్రాయము. అప్పటికి 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షను చెక్కుచెదరక యున్నదనుట మరువరాదు.

2011లో నాయన స్వీయచరిత్రము 'ది మాన్ హూ వుడ్ బి క్వీన్' వెలువడెను. దానికి 'ఆత్మకథాత్మక కల్పనలు' అని యుపశీర్షిక. వీరేశలింగము పంతులు గారి స్వీయచరిత్రము చదివి పెరిగిన మన కిది వింతగా దోచును. పంతులు గారికి సభలు, వ్యాజ్యెములు, పత్రికలు సాక్ష్యముండెను. లోకమునకు దాచి బ్రతుకుమని యాజ్ఞాపింపబడిన వలపునకు సాక్షు లెవ్వరు? ఉన్నదున్నట్లు చెప్పినను గల్పనయే యందురు గాన, తానే ముందుగా నా మాట ననివేసెనేమో.

ఆ గ్రంథము వెలువడిన కాలము గమనింపదగినది. 2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు, వయస్సు వచ్చినవారి యిష్టపూర్వక సంబంధము నేరము కాదనెను. 2013 డిసెంబరు 11న సుప్రీముకోర్టు దానిని ద్రోసివైచెను. డిసెంబరు 11! రాజమహేంద్రవరమున 1881లో బంతులు గారు తొలి వితంతువివాహము జరిపించినదియు నా తేదీనే. కాకతాళీయమే; ఐనను సంస్కర్తల వారసులమని చెప్పుకొను మనకు జురుక్కుమనవలదా? పంతులు గారు సయితము ముద్దుపళని 'రాధికాసాంత్వనము'ను జూచి యేవగించుకొనిరి. బెంగుళూరు నాగరత్నమ్మ గారు 1910లో దానిని బూర్తిగా నచ్చొత్తింపగా ప్రభుత్వము నిషేధించెను. నిషేధము తొలగుటకు 1947 వరకు బట్టెను. వితంతువు కంటనీరు తుడిచిన చేయియే స్త్రీ తన వలపును దాను చెప్పుకొన్న కావ్యమును ద్రోసివేసినది. మన సంస్కారమున కొక గది తలుపు మూసియే యుండెను.

వితంతువివాహ చట్టము 1856లోనే వచ్చినది. దానిని నమ్మి రాజమహేంద్రవరమున బెండ్లిపీట లెక్కుటకు 25 ఏండ్లు పట్టెను. ఇచట గ్రమము తలక్రిందులు. మనుష్యులు ముందు, చట్టము వెనుక. 'యారానా' వెలువడిన 19 ఏండ్లకు, 2018 సెప్టెంబరు 6న, సుప్రీముకోర్టు తన పూర్వపు దీర్పును దానే రద్దుపరచెను. ఆ సరికి మర్చంటు గారి శిష్యులనేకులు తామే యధ్యాపకులై యుండిరి. వివాహపు హక్కును మాత్రము 2023 అక్టోబరు 17న నదే కోర్టు గుర్తింప నిరాకరించి, యా భారమును శాసనసభలకు వదలినది.